బిగుతు బట్టల్లో బలమెంత?

మన హీరోలు జిమ్ములో కసరత్తు చేస్తున్న ఫోటోలు మీరూ చూస్తూనే ఉంటారు. ఒంటికి అతుక్కుపోయిన నల్ల బనీను, పిక్కలకి బిగుతు తొడుగులు, ఒక చేతికి మోచెయ్యి దాటి పైదాకా పోయిన స్లీవు! ఆ ఫోటో చూసిన కుర్రాడు ముందు హీరోగారి కండలు చూస్తాడు. తర్వాత ఆ బట్టలెక్కడ దొరుకుతాయా అని వెతుకుతాడు. కండలు కొందామంటే దొరకవు గదా, బట్టలైతే దొరుకుతాయి!

నవ్వకండి, నేనూ అలా వెతికినవాణ్ణే. హైదరాబాదులో ఉద్యోగం, కుర్చీకి అంటుకుపోయిన బతుకు. పొట్ట కాస్త ముందుకొచ్చేసరికి భయమేసి, పదికిలోమీటర్ల పరుగు ఒకదానికి పేరిచ్చాను. పరుగు నేర్చుకోవటానికి ముందే పరుగు బట్టలు కొన్నాను! ఆ టైట్స్ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే మా నాన్నగారు చూసి, "ఒరే, ఇలాంటివి జానపద సినిమాల్లో కత్తి కాంతారావు గారు ఎప్పుడో తొడిగేశారురా. కాకపోతే ఆయనకి కత్తి తిప్పటం కూడా వచ్చు!" అన్నారు.

ఆ మాట అప్పుడు నవ్వులాటగానే పోయింది. తర్వాత మా తమ్ముడి విషయంలో మళ్ళీ గుర్తుకొచ్చింది. ఈ కథ నాది కాదు, వాడిదే.

తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. వరంగల్ దగ్గర చిన్న టౌను వాళ్ళది. చిన్నాయన లేడు. చిన్నమ్మ బస్టాండు ఎదురుగా టిఫిన్ సెంటర్ నడుపుతుంది. తెల్లవారి నాలుగింటికి పొయ్యి ముందు నిలబడితే పదకొండింటిదాకా కూర్చోవటమనేది లేదు. ఆ ఇడ్లీల మీద, ఆ దోసెల మీద చదువుకున్నవాడు మా తమ్ముడు. 2022లో తెలంగాణలో కానిస్టేబుల్ ఉద్యోగాలకి నోటిఫికేషన్ పడింది. మిగతా కుర్రాళ్ళలాగే వీడూ ప్రిలిమినరీ పరీక్ష రాసి, 'ఈవెంట్స్' కోసం గ్రౌండు పట్టుకున్నాడు.

ఈ ఈవెంట్స్ సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడపిల్లలకి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఒక్క సెకను దాటినా అక్కడితో ఆట కట్టు! ఎంత చదివినా, ఎన్ని మార్కులొచ్చినా ఆ గీత దాటనివాడికి ఫైనల్ పరీక్ష హాలు తలుపు తెరుచుకోదు.

దసరా పండక్కి నేను ఆ ఊరు వెళ్ళేసరికి వాడి టైము 7 నిమిషాల 32 సెకన్లు. అంటే ఇంకా పదిహేడు సెకన్లు తగ్గాలి. డిసెంబరులో ఈవెంట్స్. చేతిలో ఉన్నది రెండు నెలలు.

"అన్నా, నువ్వు జూస్తవుండు, ఇగ తగ్గుతది!" అంటూ వాడు ఓ కవరు విప్పాడు. లోపల నల్ల టైట్స్, పిక్కల తొడుగులు. ఖరీదు చెబితే నా కళ్ళు తిరిగాయి. రెండువేల నాలుగువందలు! చిన్నమ్మ చీటీ డబ్బుల్లోంచి ఇచ్చిందట. వాడి కాళ్ళకున్న బూట్లు చూశాను. ఎడమ బూటు ముందుభాగం నోరు తెరుచుకుని నావంక చూస్తోంది.

"బూట్లు కొనుక్కోకపోయావురా?"

"గదేందన్నా, గట్లంటవ్? ఇవి తొడుక్కుంటే రక్తం మంచిగ ఆడుతదంట. కాళ్ళు అలసిపోవంట. గా డబ్బా మీద రాసిండ్రు. నీకు గూడ ఉన్నయ్ గద!"

ఇంకేం మాట్లాడను? నాకూ ఉన్నాయి మరి!

ఆ రాత్రి పడుకోలేదు. ఆ డబ్బా మీద రాసింది నిజమా, అబద్ధమా అని చదవటం మొదలుపెట్టాను. నాకు తెలిసింది మీకూ చెబుతాను. ఇందులోనూ బోలెడంత సినిమా ఉంది సుమండీ!

అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీలో కెవిన్ ప్లాంక్ అని ఓ ఫుట్‌బాల్ ఆటగాడుండేవాడు. ఆటలో తొడుక్కునే నూలు బనీను చెమటకి తడిసి బరువెక్కిపోతోందని విసుగొచ్చి, చెమట పీల్చుకోని బిగుతు బనీను ఒకటి కుట్టించాడు. 1996లో 'అండర్ ఆర్మర్' కంపెనీ పెట్టాడు. 1999లో ఆలివర్ స్టోన్ తీసిన, అల్ పచినో నటించిన 'ఎనీ గివెన్ సండే' అనే ఫుట్‌బాల్ సినిమాలో ఆటగాళ్ళ ఒంటిమీద ఆ బట్టలు కనబడ్డాయి. ఇంకేం! తెరమీద కనబడ్డదానికి గిరాకీ రాకుండా ఉంటుందా? కంపెనీ దశ తిరిగింది. గమనించారా, ఆయన మొదట కుట్టించింది బలం కోసం కాదు, చెమట బాధ తప్పటం కోసం!

ఇక ఆ చేతి స్లీవు సంగతి. బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్‌కి 2001 ప్రాంతంలో మోచెయ్యి వాచింది. ఆసుపత్రి కట్టులాంటి గుడ్డగొట్టం ఒకటి తొడుక్కుని ఆడాడు. ఆ జనవరిలో టొరంటో జట్టు మీద ఒక్క ఆటలో 51 పాయింట్లు కొట్టాడు! ఆ తర్వాత చూడండి, మోచెయ్యి నొప్పి ఉన్నవాడూ లేనివాడూ అందరూ తొడిగారు. నొప్పి ఉన్నవాడి కట్టు, నొప్పి లేనివాళ్ళకి ఫ్యాషనయింది. అదీ తార మహిమ!

మారథాన్‌లో బ్రిటన్ రాణి పౌలా రాడ్‌క్లిఫ్ మోకాళ్ళదాకా సాక్సులతో పరుగెత్తటం ప్రపంచమంతా చూసింది. 2003 లండన్ మారథాన్‌లో ఆమె సాధించిన 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల రికార్డు 2019 దాకా ఎవరూ కదిలించలేకపోయారు. చూసినవాళ్ళకి ఆమె పడ్డ కష్టం కనబడలేదు. సాక్సులు కనబడ్డాయి!

సరే, కథలు చాలు. పరీక్ష చేసి చూసినవాళ్ళేమంటారు?

డబ్బా మీది మాటలు ముఖ్యంగా రెండు. ఒకటి, పరుగులో కండరాలు అదురుతాయి, బిగుతు బట్ట ఆ అదురు తగ్గిస్తుంది, అందుకని అలసట తగ్గుతుంది అని. రెండోది, రక్తాన్ని పైకి తొయ్యటానికి సాయపడుతుంది అని. మొదటి మాటని 2017లో అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు పరీక్షకి పెట్టారు. అనుభవమున్న 20 మంది రన్నర్లని ట్రెడ్‌మిల్ మీద అరగంట చొప్పున, ఒకసారి బిగుతు టైట్స్‌తో, ఒకసారి లేకుండా పరుగెత్తించారు. తేలిందేమిటంటే, అదురు తగ్గిన మాట నిజమే. కానీ అలసట మాత్రం తగ్గలేదు! పరుగయ్యాక కాళ్ళ బలం, ఎగిరే ఎత్తు రెండు రకాలుగానూ ఒకటే. ఇందులో చమత్కారమేమిటంటే, ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది నైకీ కంపెనీయే! సొంత సినిమాకి తనే ఉన్నదున్నట్టు సమీక్ష రాయించుకున్నట్టుంది గదూ?

2016లో మరికొందరు పరిశోధకులు, పరుగు మీద అప్పటిదాకా వచ్చిన 32 పరిశోధనలని ఒకచోట పేర్చి చూశారు. నాలుగువందల మీటర్ల నుంచి మారథాన్ దాకా, బిగుతు బట్టల వల్ల పందెంలో టైము తగ్గిందని చెప్పుకోదగ్గ సాక్ష్యం దొరకలేదు. అయితే "కష్టం కాస్త తక్కువగా అనిపించింది", "తర్వాత నొప్పులు కాస్త తక్కువగా ఉన్నాయి" అన్న దగ్గర కొంచెం లాభం కనబడింది.

ఆ 'తర్వాత' అన్న మాట దగ్గర ఆగండి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మారథాన్ పరుగెత్తిన 33 మందిని రెండు జట్లుగా చేశారు. పరుగయ్యాక 48 గంటలపాటు ఒక జట్టు నిజమైన బిగుతు సాక్సులు, రెండో జట్టు ఉత్తుత్తి సాక్సులు తొడుక్కున్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ పరుగెత్తిస్తే నిజం సాక్సులవాళ్ళు మునుపటికంటే కాస్త ఎక్కువసేపు, ఉత్తుత్తి సాక్సులవాళ్ళు కాస్త తక్కువసేపు పరుగెత్తారు. ముప్ఫైముగ్గురు పెద్ద సంఖ్యేం కాదు. అయినా మొత్తం మీద మొగ్గు అటే ఉంది. బిగుతు బట్ట ఏదన్నా మేలు చేస్తే అది పరుగులో కాదు, పరుగయ్యాక!

ఇంకో చిక్కుంది. బిగుతు బట్ట తొడిగామో లేదో తొడిగినవాడికి ఎలాగూ తెలుస్తుంది. మాత్రలైతే ఏది మందో ఏది పిండో తెలియకుండా ఇవ్వొచ్చు. బట్టలకి అలా మోసం చెయ్యటం కష్టం. అందుకని 'కష్టం తక్కువనిపించింది' అన్నదాంట్లో బట్ట చేసిందెంతో, నమ్మకం చేసిందెంతో విడదియ్యటం తేలిక కాదు.

ఇవన్నీ తెల్లారి తమ్ముడికి చెబితే వింటాడా? వినలేదు! "పేపర్ల రాసింది వేరన్నా, నా కాళ్ళు వేరు" అన్నాడు. నిజానికి ఆ మాటలో తప్పు లేదు. అందుకే వాళ్ళ హైస్కూల్లో పనిచేసి రిటైరైన పీఈటీ సారు దగ్గరికి పోయాం. రోజూ పొద్దున్నే గ్రౌండుకొచ్చి పైసా తీసుకోకుండా పాతికమంది పిల్లలకి స్టాప్‌వాచ్ పట్టే మనిషి ఆయన.

సారు నవ్వాడు. "సరే బిడ్డా, కొట్లాడుడెందుకు? రెండు వారాలు జూద్దాం. ఒక్క దినం తొడుక్కో, ఒక్క దినం ఇడువు. అదే పొద్దు, అదే గ్రౌండు. నేను రాస్త" అన్నాడు.

నేను హైదరాబాదు వచ్చేశాను. రెండు వారాలకి సారు నోటుపుస్తకం పేజీ ఫోటో తీసి పంపాడు మా తమ్ముడు. ఆరు రోజులు తొడుక్కున్నవి, ఆరు రోజులు తొడుక్కోనివి. కూడి భాగిస్తే రెండింటికీ తేడా ఒక్క సెకను! అదీ తొడుక్కోని రోజులకే అనుకూలంగా. ఒక్క కుర్రాడు, పన్నెండు రోజులు... దీన్ని పరిశోధన అనను. కానీ పదిహేడు సెకన్లు ఆ బట్టల్లో లేవని మాత్రం వాడికి తెలిసిపోయింది.

ఫోన్లో గొంతు పడిపోయింది. "మరెట్లన్నా? ఇగ నాతోని కాదేమో..."

నాకు భయమేసింది. వాడి నమ్మకం తీసేశాను, దాని చోట పెట్టటానికి నా దగ్గర ఏమీ లేదు! బిగుతు బట్ట మీది నమ్మకమైనా నమ్మకమేగదా, ఉండనివ్వాల్సిందేమో అని మథనపడ్డాను. ఆ పని చేసింది సారే. అదే పేజీలో కింద ఇంకో లెక్క రాసి ఉంది, నేను చూడనేలేదు. 1600 మీటర్లంటే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. మొదటి రౌండు 98 సెకన్లు, రెండోది 112, మూడోది 120, నాలుగోది 122. మొత్తం 452. అంటే ఆ 7 నిమిషాల 32 సెకన్లు!

"సూసినవా?" అన్నాడట సారు. "మొదటి రౌండుల సినిమా హీరో లెక్క ఉరుకుతున్నవ్. తర్వాత కమెడియన్ లెక్క ఈడుస్తున్నవ్. మొదటిది 107కి తగ్గించు. నాలుగు రౌండ్లు 107 కొట్టు. లెక్క జేస్కో."

నాలుగు నూటఏడ్లు 428. అంటే 7 నిమిషాల 8 సెకన్లు!

చూశారా, రెండువేల నాలుగువందల్లో దొరకనిది నోటుపుస్తకంలో ఓ మూల, నాలుగు అంకెల్లో ఉంది. అయితే లెక్క తెలిసినంత తేలిక కాదు, ఆ లెక్కకి కాళ్ళని ఒప్పించటం. మొదటి రౌండులో పక్కవాడు దాటిపోతుంటే నిదానంగా ఉండటం ఎంత కష్టమో పరుగెత్తినవాళ్ళకే తెలుసు. నవంబరంతా వాడు అదే నేర్చుకున్నాడు. వారంలో ఒకరోజు చిన్న చిన్న వేగం పరుగులు, ఒకరోజు నెమ్మదిగా దూరం పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. రాత్రి ఫోను పక్కన పడేసి తొమ్మిదిన్నరకే నిద్ర. బూట్లు నేను కొని పంపాను. నా టైట్స్ కొన్న డబ్బుతో అవి ఎప్పుడో కొనివ్వొచ్చని అప్పుడు తట్టింది.

మరి ఆ తొడుగులు? పారెయ్యలేదు. సారు పారెయ్యనివ్వలేదు. "వేగం పరుగులైనంక సాయంత్రం తొడుక్కో. మంచిగనిపిస్తే ఉంచుకో, లేకుంటే లేదు" అన్నాడు. వాడికి మంచిగానే అనిపించింది. మర్నాడు మెట్లు దిగుతుంటే పిక్కలు అంతగా పట్టెయ్యటం లేదన్నాడు. పరిశోధకులు చెప్పిందే పీఈటీ సారూ చెప్పాడు. ఆయన మాత్రం ఒక్క పేపరూ చదవలేదు!

1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉషకి కాంస్యం పోయింది సెకనులో నూరోవంతుతో. ఆ స్థాయిలో ఉన్నవాళ్ళు నూరోవంతు కోసం ఏ బట్ట తొడిగినా అర్థముంది. మిగతావన్నీ వాళ్ళు చేసేశారు. ఇక మిగిలింది ఆ నూరోవంతే. మనకో? మన పదిహేడు సెకన్లు నిద్రలో ఉన్నాయి, తిండిలో ఉన్నాయి, మొదటి రౌండు తొందరలో ఉన్నాయి. ముందు అవి ఏరుకోకుండా నూరోవంతు కోసం అంగడికి పోవటమంటే, కథ రాసుకోకుండా పోస్టర్లు వేయించటమే!

డిసెంబరులో ఈవెంట్స్ రోజున వాడు మామూలు నిక్కరు, కొత్త బూట్లతో పరుగెత్తాడు. 7 నిమిషాల 9 సెకన్లు! ఫోన్లో వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. నాకూ అంతే.

ఇక్కడ 'శుభం' కార్డు వేసేస్తే బాగుండేది. కానీ ఇది సినిమా కాదు. 2023లో ఫైనల్ రాతపరీక్షలో కొద్ది మార్కుల్లో ఉద్యోగం తప్పిపోయింది. ఇప్పుడు హనుమకొండలో ఒక షోరూములో పనిచేస్తూ మళ్ళీ చదువుతున్నాడు. పొద్దున్నే గ్రౌండు మాత్రం మానలేదు. సారుకి చూపు తగ్గింది, స్టాప్‌వాచ్ ఇప్పుడు వాడి చేతిలో ఉంది.

అసలు సంగతి ఇంకొకటుంది. వాడి మొదటి జీతం రోజున నేను అక్కడే ఉన్నాను. చిన్నమ్మ టిఫిన్ సెంటరు మూసి అరుగు మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి కాళ్ళు ఒత్తుకుంటోంది. పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగిన నరాలు! ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో! రెండేళ్ళుగా మేమిద్దరం పిక్కలు, రక్తప్రసరణ అని లోకంలో కబుర్లన్నీ చెప్పుకున్నాం. ఆ ఇంట్లో ఏడు గంటలు నిలబడే కాళ్ళు ఎవరివో ఒక్కనాడూ చూడలేదు.

ఈ బిగుతు సాక్సుల పుట్టుక ఎక్కడో తెలుసా? అమెరికాలో కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరుకి సరిగ్గా ఈ జబ్బే ఉండేది. ఈతకొలనులో నిలబడితే కాళ్ళ నొప్పి తగ్గుతోందని గమనించాడు. నీళ్ళలో లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి ఎక్కువ గదా! అలాగే చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ బిగువు ఉండే మేజోళ్ళు 1950లలో తయారుచేశాడు. అసలు కథ అది. మిగతాదంతా దాని రీమేకు!

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు పాదం మీద నాడి పట్టి చూశాడు. కాలికి రక్తం సరిగా అందనివాళ్ళు ఇలాంటివి తొడిగితే మొదటికే మోసమట. షుగరుందా అని అడిగాడు. తర్వాత టేపుతో చీలమండ, పిక్క కొలిచి, ఏ బిగువుది కొనాలో చీటీ రాసిచ్చాడు. "పొద్దున్న మంచం దిగకముందే తొడుక్కోవాలమ్మా, మధ్యమధ్య కూర్చోవాలి" అని చెప్పాడు. మా తమ్ముడి జీతంలో మొదటి ఖర్చు అదే. పొయ్యి పక్కన ఓ స్టూలు కూడా వచ్చింది.

వారం తర్వాత చిన్నమ్మకి ఫోను చేశాను. "ఎట్లున్నయ్ చిన్నమ్మా కాళ్ళు?"

"పొద్దుమూకినంక గంత బరువు లేవు బిడ్డా. కానీ తొడుక్కునుడే పెద్ద కుస్తీ!" అని నవ్వింది.

1991లో అశ్వినీ నాచప్ప తన కథలో తానే కథానాయికగా నటించిన 'అశ్వని' వచ్చింది. పరుగెత్తే అమ్మాయే తెరమీద పరుగెత్తింది, డూపు అక్కరలేకపోయింది. ఆ సినిమా తలుచుకున్నప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. మన పరుగుకీ డూపు ఉండడు. బట్ట మన బదులు పరుగెత్తదు.

మొన్న ఆ ఊరి గ్రౌండులో ఓ కొత్త కుర్రాడు తమ్ముణ్ణి అడుగుతున్నాడు. "అన్నా, గా స్లీవ్స్ కొనుమంటవా?"

తమ్ముడు వాడి బూట్లవైపు చూశాడు. తర్వాత స్టాప్‌వాచ్ తీశాడు.

"ముందు నాలుగు రౌండ్లు ఉరుకు. ఒక్కో రౌండు ఎంతనో రాసుకుందాం."